ఇత్తడి గుండు, ఇంటి గుట్టు

"అది వస్తుందా, రాదా?" అన్నాడు మావగారు, చేతిలో గుడ్డ ఆపకుండా.

కూతురి గురించి ఎవర్ని అడిగాడో చెప్పలేదు. ఆ ఇంట్లో ఆయన ప్రశ్నలు గాల్లోకి వదిలినట్టే ఉంటాయి, దగ్గర్లో ఉన్నవాళ్ళు అందుకోవాలి. ఈ పూట దగ్గర్లో ఉన్నది కోడలు.

"తలుపు తియ్యలేదు మావయ్యా. పళ్ళెం గుమ్మం దగ్గర ఎలా పెట్టానో అలాగే ఉంది."

"నిన్నటిదేనా?"

"నిన్నటిదే."

"ఆకలేస్తే అదే తీస్తుంది."

"ఆకలైతే ఎప్పుడో తీసేది," అంది అత్తగారు వంటింట్లోంచి. "దానికి జరిగింది తలకొట్టేసినంత పని. అదీ పరాయివాళ్ళు చేసింది కాదు. కన్నతండ్రి సంతకం పెట్టి మరీ చేసిన మర్యాద."

మావగారు గుడ్డకి చిటికెడు ఇటుక పొడి అద్దుకుని, ఒళ్ళో పెట్టుకున్న అయిదు కిలోల ఇత్తడి గుండుని మళ్ళీ తుడవసాగాడు.

గోడ గడియారం ఏడుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. తొమ్మిదింటికి ఆడపడుచు పసిపిల్లల ఆసుపత్రిలో పెద్ద నర్సు ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. కోడలికి ఆ గడియారం వైపు చూడాలంటే భయంగా ఉంది. చూడకుండా ఉండటమూ ఆమె వల్ల కావడం లేదు.

ఇంత గొడవకీ మూలం మూడు రోజుల కిందట మావగారు రాసిచ్చిన ఉత్తరం. ఆసుపత్రికి పిల్లల్ని తూచే కొత్త యంత్రం వచ్చింది. ఆడపడుచు తన వార్డులో దాన్నే వాడింది. రెండు కిలోలు నిండితేనే పసిబిడ్డని ఇంటికి పంపాలని అక్కడి నియమం. పాత యంత్రం మీద సరిగ్గా రెండు కిలోలు తూగే బిడ్డ కొత్తదాని మీద పదహారు గ్రాములు తక్కువ తూగుతోంది. అలా ముగ్గురు పిల్లల్ని ఆమె రెండేసి రోజులు ఎక్కువ ఉంచేసింది. తల్లులు గొడవపెట్టారు. తక్కిన నర్సుల పుస్తకాల్లో ఒక బరువు, ఈమె పుస్తకంలో ఇంకో బరువు. ఏది నిజమో తేల్చమని పెద్ద నర్సు నిక్కచ్చిగారికి కబురు పెట్టింది.

నిక్కచ్చి అన్నది వీధివాళ్ళు మావగారికి పెట్టిన పేరు. ముందు గదిలో త్రాసులు బాగుచేసే కొట్టు, వెనక మూడు గదుల్లో కాపురం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన సరే అన్న త్రాసే త్రాసు. ఆసుపత్రి పాత యంత్రాన్ని ఇత్తడి గుండుతో సర్దుతూ వచ్చిందీ ఆయనే. గుండు చంకన పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. రెండు యంత్రాల మీదా పెట్టి చూశాడు. పాతది ఒప్పు, కొత్తది తప్పు అని తేల్చాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నర్సు అజాగ్రత్త వల్లే తప్పుడు బరువులు పుస్తకంలోకి ఎక్కాయనీ, ఆమె తన కూతురు కాబట్టి ఈ మాట దాచడం న్యాయం కాదనీ కూడా రాసి, కింద సంతకం చేసి వచ్చాడు.

"కూతురని మొహమాటపడితే, ఈ గుండు పట్టుకునే అర్హత నాకుండదు," అన్నాడు ఆ పూట భోజనం దగ్గర.

ఆ మాటకి కోడలు లోలోపల మురిసిపోయింది. మనిషంటే ఇలా ఉండాలి అనుకుంది. అలా మురిసిపోయినందుకు ఇప్పుడు సిగ్గుపడుతోంది.

"ఏడున్నరకి వాక్యం," అన్నాడు మావగారు. "ఇవాళ పదకొండో తారీఖు. దాన్ని కూడా రమ్మను."

బైబిల్లో జ్ఞానపు మాటల అధ్యాయాలు ముప్ఫై ఒకటి. నెలలో రోజులూ మహా అయితే అన్నే. ఏ తారీఖుకి ఆ అధ్యాయం చదవడం ఆ ఇంటి అలవాటు. ఎంత అలవాటంటే, ఒక్కో మాటకీ అక్కడ తారీఖే పేరయిపోయింది. ఎవరైనా గొంతు పెంచితే "పదిహేను, పదిహేను" అంటారు; మెత్తటి జవాబు కోపాన్ని చల్లారుస్తుందన్న మాట ఆ రోజుది. బద్ధకిస్తే "ఆరో తారీఖు చీమని చూడు" అంటారు. గుణవతి అయిన ఇల్లాలిని పొగిడేది ముప్ఫై ఒకటిన. "అది ఏడాదికి ఏడుసార్లే వస్తుంది, అందుకే ఈ ఇంట్లో ఆడదాన్ని మెచ్చుకునేది ఏడాదికి ఏడుసార్లే," అంటుంది అత్తగారు.

పదకొండు మాత్రం మావగారి సొంతం. ఆ రోజు మొదటి మాటే త్రాసు గురించి.

కోడలు ముందు గదిలోకి వెళ్ళింది. షట్టరు సగం ఎత్తి ఉంది. ఆమె భర్త బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆసుపత్రి కొత్త యంత్రం, పక్కనే దానితో పాటు కంపెనీ పంపిన అయిదు కిలోల ఉక్కు గుండు పెట్టె. పాతదానికి సరిపోయేలా కొత్తదాన్ని సర్దమని నిన్న పొద్దున ఆసుపత్రివాళ్ళు పంపించారు.

"చెప్పావా?" అన్నాడు తల ఎత్తకుండా.

"చెప్పలేదు."

"మంచి పని చేశావు."

"మంచిదో కాదో తొమ్మిదింటికి తెలుస్తుంది."

నిన్న మధ్యాహ్నం మావగారు బయటికి వెళ్ళినప్పుడు, పెట్టె తెరిచి ఉక్కు గుండుని పెద్ద త్రాసులో ఒక పళ్ళెంలో వేసింది ఆమె. రెండో పళ్ళెంలో ఇత్తడి గుండు వేసింది. ఊరికే, సరదాకి. ఇత్తడి గుండు పైకి లేచింది. పళ్ళేలు మార్చి వేసింది. మళ్ళీ ఇత్తడిదే లేచింది. అమ్మకానికి వచ్చి ఇంకా విప్పని కిలో గుండ్ల డబ్బా తెరిచి, అయిదూ కలిపి వేసింది. అవి ఉక్కు గుండుతో సమంగా నిలబడ్డాయి. ఇత్తడి గుండు పక్కన నలభై గ్రాములు పెడితే తప్ప ముల్లు మధ్యకి రాలేదు.

కొత్త గుండ్లన్నీ ఈ మధ్య కాస్త బరువుగా వస్తున్నాయని మావగారు విసుక్కోవడం, ఒక్కోదాన్నీ అడుగున గీరి 'సరిచేసి' అమ్మడం ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. స్టూలు మీద కూలబడింది. భర్త వచ్చేసరికి ఆమె అలాగే ఉంది.

"నాకు పది రోజులివ్వు," అన్నాడు ఇప్పుడు. "అచ్చం ఇలాంటిదే ఇత్తడిది తెప్పిస్తాను. నాన్న పెట్టెలో పెట్టేస్తాను. శుభ్రం చేస్తానని ఒక్కో కొట్టుకీ వెళ్ళి త్రాసులన్నీ సర్దేస్తాను. ఎవరికీ తెలీదు."

"మీ చెల్లెలికి?"

"నర్సులకి ఉద్యోగాలు కరువా? అది కాకపోతే ఇంకో ఆసుపత్రి. నాన్నకి ఇంకో పేరు దొరకదు."

"పిల్లల మాటేంటి? ఇవాళ కూడా ఆ పాతదాని మీద ఎవర్నో తూచి ఇంటికి పంపేస్తారు."

"పదహారు గ్రాములు. ఒక ఉత్తరమంత బరువు ఉండదు."

"ఉత్తరం ఎంత బరువుంటుందో మీ చెల్లెల్నడగండి."

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"పదిహేడో తారీఖు మాట మర్చిపోయావా?" అన్నాడు గొంతు తగ్గించి. "తప్పుని కప్పేవాడికి ప్రేమ దక్కుతుంది. ఎత్తి చూపేవాడు దగ్గరివాళ్ళని పోగొట్టుకుంటాడు."

"ఇరవై ఎనిమిదోది మీరు మర్చిపోయారా? తప్పు దాచుకున్నవాడు బాగుపడడు. ఒప్పుకుని వదిలేసినవాడికే దయ."

"ఇది నా తప్పు కాదు కదా."

"దాస్తే అవుతుంది."

అతని మొహం మాడిపోయింది. "నువ్వొచ్చి నాలుగేళ్ళు. నేను ఈ బల్ల కింద పాకుతూ పెరిగాను. ఆయనకి ఆ గుండు తప్ప ఇంకేం ఉంది చెప్పు? రేపట్నుంచి వీధిలోకి వెళ్ళి ఏ మొహంతో నిలబడతాడు?"

మావగారంటే ఆమెకి ప్రాణం. కొత్త కోడలు వంటింట్లో బిక్కుబిక్కుమంటూ ఉంటే, "ఈ అమ్మాయి చెయ్యి వణకదు, కొట్టులోకి పంపండి" అని పిలిచి పని నేర్పినవాడు ఆయన. ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టడం, గ్రాము రాళ్ళని వేలు తగలకుండా చిమటాతోనే పట్టుకోవడం, అన్నీ ఆయనే చెప్పాడు. ఆయన నేర్పిన విద్యతో ఆయన్నే పట్టించాలి ఇప్పుడు.

"నాన్నతో అననని మాటియ్యి."

ఆమె ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో గూట్లో అత్తగారి పాత బైబిలు ఉంటుంది. అట్ట ఊడితే సంచి గుడ్డతో కుట్టుకుంది. కోడలు దాన్ని తీసి, పొయ్యి పక్కన నిలబడే పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

"ఏం వెతుకుతున్నావే అంత ఆరాటంగా?"

"చెప్పాలా ఊరుకోవాలా అన్నదానికి ఏదైనా మాట ఉందేమో అని, అత్తయ్యా."

"ఎందుకుండదు, రెండిటికీ ఉంటాయి." అత్తగారు గరిట కడుక్కుంటూ అంది. "మూర్ఖుడికి జవాబు చెప్పకు అని ఉంటుంది. దాని కిందే, చెప్పు అని ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మీ మావయ్యనడిగాను, ఇందులో ఏది చెయ్యాలీ అని. ఎదురుగా ఉన్న మూర్ఖుణ్ణి బట్టి అన్నాడు. అప్పట్నుంచీ ఆయన్ని బట్టి చేస్తున్నాను."

మామూలుగా అయితే కోడలు నవ్వేది. అత్తగారు అది కనిపెట్టి చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"విషయమేంటో నేను అడగను. నువ్వూ వాడూ నిన్నట్నుంచి మింగలేక కక్కలేక తిరుగుతున్నారు, నాకు కళ్ళు లేవా? ఒక్కటి మాత్రం చెప్తాను. అందులో మాటలన్నీ మంచివే. ఏ మాట ఏ పూటకి అన్నది మాత్రం అందులో రాసి ఉండదు. అది మనం చూసుకోవాలి."

"తప్పుగా చూసుకుంటే?"

"తప్పుగానే చూసుకుంటావు. నేను చూడలేదా, ఇన్నేళ్ళలో ఎన్ని పూటలు." అత్తగారు గరిట గోడకి తగిలించింది. "అలాగని చూడ్డం మానేస్తామా."

కోడలు ఇంకా పేజీలు తిప్పుతూనే ఉంది. దాచిన ప్రేమ కంటే బాహాటంగా చివాట్లు పెట్టడం మేలని ఒకచోట ఉంది. గుట్టు బయటపెట్టేవాడు చాడీకోరని ఇంకోచోట ఉంది. అదీ ఎక్కడో కాదు, ఇవాళ్టి పదకొండులోనే. పుస్తకం మూసేద్దామనుకుంటుండగా పద్ధెనిమిదో అధ్యాయం దగ్గర చూపు ఆగింది. రెండుసార్లు చదివింది. ఆ పేజీలో వేలు పెట్టుకునే ఆడపడుచు గది దగ్గరికి నడిచింది.

"నేనే, తలుపు తియ్యి."

తలుపు తెరుచుకుంది. ఆడపడుచు స్నానం చేసి, తెల్ల యూనిఫారం వేసుకుని, జుట్టు బిగించి ముడేసుకుని ఉంది. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి. మంచం మీద మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది.

"రాసేశాను వదినా. అంకె తప్పు చదివానని ఒప్పేసుకుంటున్నాను."

"తప్పు చదివావా?"

"లేదు. ఒక్కో బిడ్డని మూడేసిసార్లు తూచాను." ఆమె మంచం అంచున కూర్చుంది. "కానీ నాన్న గుండు తప్పు చెప్పదు కదా. ఎక్కడో ఒకచోట తప్పుండాలి కదా మరి. నాలోనే ఉండుంటుంది. నిన్నంతా కూర్చుని నా కళ్ళనే అనుమానించుకుంటున్నాను. గోడ మీద క్యాలెండరు అంకెలు చదువుకుంటూ కూర్చున్నాను, సరిగ్గా కనిపిస్తున్నాయా లేదా అని."

కోడలికి పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. గుండు మీదా, మావగారి మీదా, ముందు గదిలో స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్న మనిషి మీదా, నిన్న మధ్యాహ్నం నుంచి నోరు మూసుకున్న తన మీదా.

"ఆ కాగితం ఎవరికీ ఇవ్వకు," అంది. "ముందు వాక్యానికి రా."

"నాకు ఆ పదకొండో తారీఖు ఇవాళ వినాలని లేదు వదినా."

"నాకూ చదవాలని లేదు. రా."

ఏడున్నరకి నలుగురూ మధ్య గదిలో కూర్చున్నారు. భర్త మాత్రం కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చదివేది ఎప్పుడూ కోడలే. మావగారు వింటూ గుండు తుడుస్తాడు. ఆయన గుడ్డలో పొడి అద్దుకుని తల ఊపాడు.

కోడలు మొదటి మాట చదివింది. దొంగ త్రాసంటే దేవుడికి అసహ్యమనీ, సరైన గుండంటే ఆయనకి ఇష్టమనీ. అక్కడ ఆగిపోయింది.

"ఊఁ," అన్నాడు మావగారు.

ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమ్మా?"

"మావయ్యా, ఆ గుడ్డ పక్కన పెడతారా."

"ఎందుకు?"

"ముందు పెట్టండి. తరవాత చెప్తాను."

"నువ్వు చదువు," అన్నాడు భర్త గుమ్మం దగ్గర్నుంచి. గొంతులో బెదిరింపు లేదు, బతిమాలడమే ఉంది. ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని ఆమెకి తెలుసు.

"పద్ధెనిమిదో తారీఖు మాటకి మీరే నాకు అర్థం చెప్పారు. ముందు మాట్లాడినవాడిదే న్యాయంలా ఉంటుంది, రెండోవాడు వచ్చి నిలదీసేదాకా అని. ఈ ఇంట్లో ఎప్పుడూ ముందు మాట్లాడేది గుండే. దాన్ని ఎవరూ నిలదియ్యలేదు."

"గుండుని నిలదియ్యడమేంటి?"

"అది తక్కువ తూగుతోంది, మావయ్యా. నలభై గ్రాములు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడపడుచు తల ఎత్తి తండ్రిని చూడలేదు, వదిననే చూసింది.

మావగారికి కోపం వస్తుందనుకుంది కోడలు. రాలేదు. ఆయన గొంతు కొట్టులో పని చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"ఎవరు తూచారు?"

"నేనే."

"దేని మీద?"

"మన పెద్ద త్రాసు మీదే."

"దేంతో?"

"ఉక్కు గుండుతో. తరవాత విప్పని డబ్బాలో కిలో గుండ్లు అయిదిటితో. ఆ రెండూ కలిశాయి."

"పళ్ళేలు మార్చావా?"

"మార్చాను."

"గాలి?"

"కిటికీ మూశాను. ఫ్యాను ఆపాను."

అడగడానికి ఇంకేం మిగల్లేదు. ఆయన లేచి, గుండు ఎత్తుకుని ముందు గదిలోకి నడిచాడు. అందరూ వెనకాలే వెళ్ళారు. కొడుకు దారి తప్పుకున్నాడు. ఆయన కిటికీ మూశాడు, పెద్ద త్రాసు ముల్లు ఆగేదాకా చూశాడు, రెండు గుండ్లూ చెరో పళ్ళెంలో పెట్టాడు. ఇత్తడిది లేచింది. పళ్ళేలు మార్చాడు. ఇత్తడిదే లేచింది. చిమటాతో గ్రాము రాళ్ళు ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. కోడలు చెప్పిన దగ్గరే ముల్లు నిలబడింది.

ఆయన చాలాసేపు ఆ ముల్లునే చూశాడు.

"నలభై గ్రాములు ఎక్కడికి పోయాయి?" అన్నాడు చివరికి.

అత్తగారు మధ్య గదిలోంచి తెచ్చిన గుడ్డ ఆయన ముందు బల్ల మీద పెట్టింది. గుడ్డ నిండా నల్లటి పచ్చటి మరక ఉంది. అలాంటి గుడ్డలు నెలకొకటి ఆమే ఉతికేది.

"కంచే చేను మేసింది," అంది మెల్లగా. అన్న వెంటనే అనకుండా ఉండాల్సిందనుకుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"కొట్లవాళ్ళని తిట్టేవాణ్ణి," అన్నాడాయన. "గుండు తోమకండయ్యా, అరుగుతుంది అని ఎంతమందికి చెప్పానో. నేను చేసేది తోమడమని నాకు ఒక్కనాడూ తోచలేదు. వాక్యం వింటున్నాను కదా అనుకున్నాను."

కోడలికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీ పుస్తకంలో బరువులే నిజం," అన్నాడు. ఆమె చేతిలో ఉన్న కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

ఎనిమిదయింది.

"అమ్మాయ్, కాగితం తీసుకో. నేను చెప్తాను, నువ్వు రాయి. సంతకం నేను పెడతాను."

కోడలు బల్ల దగ్గర కూర్చుని కలం తీసింది. ఆయన నిలబడే చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. తన మొదటి ఉత్తరం తప్పని చెప్పాడు. తన గుండు నలభై గ్రాములు తక్కువ ఉందని, కొత్త యంత్రమే సరైనదని, నర్సు రాసిన ప్రతి బరువూ ఒప్పేనని, పాత యంత్రాన్ని ఈ పొద్దు నుంచే పక్కన పెట్టాలని చెప్పాడు. రాస్తున్న కొద్దీ కోడలి గుండె తేలికపడింది. ఈయన తట్టుకోలేడని భయపడ్డాం, తట్టుకునే మనిషే ఈయన అనుకుంది.

"ఇది కూడా రాయి. రెండేళ్ళ కిందట తూనికల ఆఫీసు పరీక్షలో ఈ గుండు సరిగ్గానే ఉంది. మా అబ్బాయే స్వయంగా తీసుకెళ్ళి ముద్ర వేయించుకొచ్చాడు. కాబట్టి అంతకు ముందు పుస్తకాల్లో ఎక్కిన బరువుల్ని అనుమానించక్కర్లేదు."

కోడలు 'రెండేళ్ళ కిందట' అని రాసింది.

"ఆ మాట రాయకు," అన్నాడు భర్త.

కలం ఆగింది.

అతను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది. "పరీక్ష జరగలేదు నాన్నా. ఆఫీసులో అధికారి పెట్టె మూత కూడా తియ్యలేదు. మీ నాన్న గుండుకి పరీక్షేంటోయ్, మా గుండుని తెచ్చి ఆయన దగ్గర సరిచూసుకోవాలి అని నవ్వి కాగితం మీద ముద్ర కొట్టేశాడు. నేనూ తియ్యండి అనలేదు. ఎండలో వెళ్ళాను, తొందరగా పనైపోయిందని సంతోషించాను. ఇంటికొచ్చి, పరీక్షలో నెగ్గిందని మీతో చెప్పాను."

"అంతకు ముందుసారి?"

"అప్పుడూ నేనే వెళ్ళాను. అప్పుడూ అంతే."

నిన్నటి నుంచి అతను కప్పుతున్నది ఎవరి తప్పునో కోడలికి ఇప్పుడు అర్థమైంది. పదిహేడో తారీఖు మాట అతను తండ్రి కోసం చెప్పలేదు. ఆమెకి అతని మీద కోపం రావాలి. వచ్చింది. దాంతో పాటు, బల్ల అంచు పట్టుకున్న ఆ వేళ్ళని చూసి జాలి కూడా వచ్చింది. ఆ రెండిటిలో ఏది ముందో ఆమె తేల్చుకోలేకపోయింది.

ఈ సంగతి రాస్తే, త్రాసులు సరిచూసే అధికారం ఈ కొట్టుకి పోతుంది. మావగారి తరవాత ఆ బల్ల దగ్గర కూర్చోవలసినవాడు ఇక కూర్చోలేడు. రాయకపోతే, ఆ పాత పుస్తకాల్లో ఎన్ని బరువులు తప్పో ఎవరూ వెతకరు.

"రాయమ్మా," అన్నాడు మావగారు.

"ఏమని, మావయ్యా?"

ఆయన కొడుకు వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు, ఆమె తల దించుకుంది. త్రాసు ముల్లు ఇంకా మధ్యలోనే నిలబడి ఉంది. ఆయన కళ్ళు దాని మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి బల్ల మీది కాగితం మీదికి వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు ఆగిపోయాయి.

ఎనిమిదీ ఇరవై అయింది. ఆసుపత్రికి నడక అరగంట.

ఆడపడుచు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"నా గురించి రాసినప్పుడు నీకు ఇంతసేపు పట్టలేదు నాన్నా," అంది.

మావగారు కోడలి చేతిలోంచి కలం తీసుకుని, 'రెండేళ్ళ కిందట' పక్కన 'పరీక్ష జరగలేదు' అని తనే రాశాడు.